పొలంలో కంటైనర్ ఇల్లు, పైన సోలార్: ఇన్వర్టర్ ఎన్ని కేవీఏ ఉండాలి?

హైదరాబాద్ చుట్టూ చేవెళ్ల, షాద్‌నగర్, వికారాబాద్ వైపు పొలాల్లో ఇటుకల ఇంటికంటే ముందు కంటైనర్ ఇల్లు దిగుతోంది. లారీ మీద వస్తుంది, క్రేన్‌తో దించుతారు, కొద్ది రోజుల్లో ఉండటానికి సిద్ధమవుతుంది. కరెంటు మాత్రం అంత తొందరగా రాదు. స్తంభం ఎక్కడో ఉంటుంది. పొలంలో ఉన్న కనెక్షనేమో బోరు మోటారు కోసం ఇచ్చింది, దాన్ని ఇంటికి వాడుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. అందుకే చాలామంది ప్యానెళ్లు, బ్యాటరీ, ఇన్వర్టర్ పెట్టుకుని లైనుతో పని లేకుండా నడుపుకుందామనుకుంటారు. షాపుకెళ్లాక మొదటి ప్రశ్న ఎదురవుతుంది: ఎన్ని కేవీఏ ఇన్వర్టర్?

ఈ ప్రశ్న ఇంత చిక్కుపడటానికి ఒక కారణం 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం. దాని పుణ్యమా అని ‘మూడు కిలోవాట్ల సోలార్’ అన్న మాట ఊరూరా తిరిగింది. ఆ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది, కాని అది కరెంటు లైనుకు కలిపిన ఇంటి పైకప్పు సోలార్‌కే. అక్కడ ప్యానెళ్లు మూడు కిలోవాట్లయితే ఇన్వర్టరూ దాదాపు అంతే. మిక్సీ తిప్పినా, గీజర్ వేసినా ఇన్వర్టర్‌కు పట్టదు, తక్కువపడింది లైను నుంచి వస్తుంది. లైను లేని కంటైనర్‌లో ఆ వెసులుబాటు లేదు. స్విచ్ వేసిన ప్రతి వస్తువునూ ఇన్వర్టర్ ఒక్కటే మోయాలి. కాబట్టి ప్యానెళ్లను చూసి ఇన్వర్టర్ సైజు తేల్చే లెక్క ఇక్కడ చెల్లదు.

కిలోవాటు వేరు, యూనిట్ వేరు

పొలంలో నీళ్లతో పోలిస్తే ఈ తేడా తేలిగ్గా అర్థమవుతుంది. బోరు రోజంతా పోసే నీళ్లు ప్యానెళ్లు. నింపిపెట్టుకున్న ట్యాంకు బ్యాటరీ. ట్యాంకు నుంచి ఇంట్లోకి వచ్చే పైపు ఇన్వర్టర్. ట్యాంకు ఎంత పెద్దదైనా పైపు అరంగుళానిదైతే మూడు కుళాయిలు ఒకేసారి తిప్పినప్పుడు ధార సన్నబడుతుంది. పైపు నాలుగంగుళాలది వేసినా ట్యాంకులో నీళ్లు పెరగవు.

ఒక క్షణంలో ఎంత లాగుతున్నామో చెప్పేది వాటు, వెయ్యి వాట్లు ఒక కిలోవాటు. రోజు మొత్తంలో ఎంత ఖర్చయిందో చెప్పేది యూనిట్. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు వాడినా, తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాను 33 గంటలు తిరిగినా ఖర్చు ఒక్క యూనిట్టే. ఇన్వర్టర్ దృష్టిలో మాత్రం ఈ రెండింటికీ పోలికే లేదు. ఫ్యానును 200 వాట్ల ఇన్వర్టర్ కూడా నడుపుతుంది, ఇస్త్రీపెట్టెకు వెయ్యికి పైన కావాలి. బ్యాటరీ, ప్యానెళ్ల సైజు యూనిట్లతో తేలుతుంది. ఇన్వర్టర్ సైజు ఒకే సమయంలో పడే వాట్లతో తేలుతుంది.

పెట్టె మీద రాసిన కేవీఏలో మనకు దక్కేదెంత

షాపులో ‘మూడు కేవీ’ అని పిలిచే పెట్టె మీద 3 కేవీఏ అని ఉంటుంది. కేవీఏ అంటే వోల్టేజీని కరెంటుతో గుణిస్తే వచ్చేది. అందులో నిజంగా పనిచేసే భాగం వాట్లు, ఆ నిష్పత్తే పవర్ ఫ్యాక్టర్. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువైన మోడళ్లలో ఇది సాధారణంగా 0.8 దగ్గర ఉంటుంది. అంటే 3 కేవీఏ పెట్టె మోసేది 2,400 వాట్లు. ఇప్పుడు వస్తున్న తేలికపాటి ట్రాన్స్‌ఫార్మర్ లేని హైబ్రిడ్‌లలో (ప్యానెళ్లు, బ్యాటరీ, లైను మూడింటినీ కలిపి నడిపే ఇన్వర్టర్లలో) పవర్ ఫ్యాక్టర్ 1 అని ఇస్తారు, అక్కడ 5 కేవీఏ అంటే 5,000 వాట్లే. రెండు పెట్టెల ధరలు పోల్చేటప్పుడు చూడాల్సింది వాట్లు. అదీ ఎడతెగకుండా మోసే వాట్లు. పెద్ద అక్షరాలతో రాసే ‘పీక్’ అంకె కొన్ని సెకన్ల ముచ్చట.

ఆ కొన్ని సెకన్లు అవసరమే. ఫ్రిజ్ కంప్రెసర్, నీళ్ల మోటారు, పాత రకం ఏసీ మొదలయ్యేటప్పుడు నడిచేటప్పటికంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతాయి. నడుస్తున్నప్పుడు 120 వాట్లు తీసుకునే చిన్న ఫ్రిజ్ మొదలయ్యే క్షణంలో 700 దాకా వెళ్లగలదు. బల్బు, రైస్ కుక్కర్, కెటిల్‌కు ఈ దూకుడు లేదు, రాసిన వాట్లే తీసుకుంటాయి. మైక్రోవేవ్ మాత్రం మోసం చేస్తుంది. దాని మీది 800 వాట్లు ఆహారానికి చేరే వేడి, గోడ సాకెట్ నుంచి లాగేది 1,200 దాకా ఉంటుంది.

ఒక ఇంటి లెక్క

20 అడుగుల కంటైనర్, దంపతులు, ఒక చిన్న పిల్లవాడు, వంట గ్యాస్ మీద అనుకుందాం. రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు 60 వాట్లు, ఐదు ఎల్‌ఈడీ బల్బులు 45, టీవీ 70, వైఫై రూటర్‌తో పాటు రెండు సీసీ కెమెరాలు 25, ల్యాప్‌టాప్, ఫోన్ల చార్జింగ్ 100, 190 లీటర్ల ఫ్రిజ్ 120. మొత్తం 420 వాట్లు. ఇది ఎప్పుడూ ఉండే అడుగు లోడు.

దీని మీద 750 వాట్ల మిక్సీ పడితే 1,170. అదే సమయంలో 700 వాట్ల రైస్ కుక్కర్ కూడా ఉంటే 1,870. ఎండలో ఇన్వర్టర్ ఊపిరి పీల్చుకోవడానికి, రేపు కొనే వస్తువుకు నాలుగో వంతు కలిపితే 2,337 వాట్లు. పవర్ ఫ్యాక్టర్ 0.8 మోడలైతే 2,921 వీఏ, అంటే 3 కేవీఏ సరిగ్గా సరిపోతుంది.

ఇదే ఇంట్లో అన్నం ఉడికాకే మిక్సీ వేసే అలవాటుంటే? 1,170కి నాలుగో వంతు కలిపితే 1,462 వాట్లు, 2 కేవీఏ చాలు. మిక్సీ తిరగడం మొదలైన క్షణానే ఫ్రిజ్ కూడా లేస్తే రెండూ కలిసి కాసేపు 2,500 వాట్ల దాకా లాగొచ్చు. రెండు రెట్లు పీక్ తట్టుకునే పెట్టె దాన్నీ దాటిస్తుంది. సామాన్లు మారలేదు, వాడే తీరు మారింది, సైజు మూడో వంతు తగ్గింది. ఇంట్లో వస్తువుల వాట్లన్నీ గుడ్డిగా కూడితే వచ్చే అంకెకు పెద్ద విలువ లేదని చెప్పేది ఇందుకే.

రోజు ఖర్చు మరో లెక్క. ఫ్యాన్లు 16 గంటలు తిరిగితే దాదాపు 1 యూనిట్, వేడెక్కే కంటైనర్‌లో ఉన్న ఫ్రిజ్ 0.8, రూటర్, కెమెరాలు రోజంతా 0.6, రైస్ కుక్కర్ 0.5, మిగతావి కలిపి ఇంకో 1.1. మొత్తం దగ్గర దగ్గర 4 యూనిట్లు. మన ప్రాంతంలో ఒక కిలోవాటు ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్ల చొప్పున ఇస్తాయి, జూలై, ఆగస్టు ముసుర్లలో అందులో సగం కూడా రాకపోవచ్చు. 540 వాట్ల ప్యానెళ్లు మూడు పెడితే సగటున ఆరున్నర యూనిట్లు. మబ్బు రోజులకు కొంత మిగులు ఉంటుంది.

పెద్దది తీసుకుంటే పోలా?

‘ఎందుకైనా మంచిది, 5 కేవీ పెట్టేయండి’ అనే సలహా తరచూ వినిపిస్తుంది. దాంట్లో నిజం లేకపోలేదు. మోటార్ల దూకుడు తట్టుకుంటుంది, వేడిలో తేలిగ్గా నడుస్తుంది, తర్వాత ఏసీ కొన్నా మార్చక్కర్లేదు.

కాని ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉండటానికీ కరెంటు తింటుంది. 5 కిలోవాట్ల హైబ్రిడ్‌లు చాలావరకు 50 వాట్ల చుట్టూ తింటాయి. చిన్నగా కనిపిస్తుంది గాని 24 గంటలకు 1.2 యూనిట్లు. ఆరున్నర యూనిట్లు పండే ఇంట్లో అది ఐదో వంతుకు దగ్గర, ఇంటి ఫ్రిజ్ కంటే ఎక్కువ. అదే పెట్టెను ఒక్క ప్యానెల్‌తో కాపలాదారు గదికి పెడితే పండిన రెండు యూనిట్లలో సగానికి పైగా దానికే పోతుంది. రెండు ఫ్యాన్లు, మూడు బల్బులు, ఒక ఫోను ఉండే అలాంటి గదికి 12 వోల్టుల చిన్న ఇన్వర్టర్ చాలు. డీసీ ఫ్యాన్లు, డీసీ బల్బులు దొరికితే అసలు ఇన్వర్టరే లేకుండా చార్జ్ కంట్రోలర్ (ప్యానెళ్ల నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసేది) నుంచి నేరుగా నడపొచ్చు, వృథా అన్నిటికంటే తక్కువ అక్కడే.

పెద్ద పెట్టె కొనే ముందు అడగాల్సిన అంకె ఈ ఖాళీ ఖర్చు. దాన్ని ప్రకటనల్లో ముందు పెట్టరు, స్పెసిఫికేషన్ కాగితంలో చివర ఎక్కడో ఉంటుంది.

12, 24, 48: బ్యాటరీ వోల్టేజీ ఎందుకు ముఖ్యం

ఇన్వర్టర్ అవతల ఎన్ని వాట్లు ఇస్తుందో ఇవతల బ్యాటరీ నుంచి అంతకంటే కొంచెం ఎక్కువే లాగాలి. 90 శాతం సామర్థ్యం అనుకుంటే 2,400 వాట్ల లోడుకు 12 వోల్టుల బ్యాటరీ నుంచి 222 ఆంపియర్లు, 24లో 111, 48లో 56 కావాలి. 222 ఆంపియర్లు ఇంటి సామాను కాదు. అంత కరెంటుకు కేబుల్ లావు, ఫ్యూజు, బిగింపు అన్నీ వేరే స్థాయిలో ఉండాలి.

బాగా కనిపించే లోపం ఇక్కడే పుడుతుంది. 24 వోల్టుల వ్యవస్థ, బ్యాటరీకి ఇన్వర్టర్‌కు మధ్య రెండు మీటర్లు, వేసిన వైరు 10 ఎస్క్యూఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) రాగి. రానుపోను నాలుగు మీటర్ల వైరు నిరోధం 0.007 ఓములు. 111 ఆంపియర్ల దగ్గర 0.78 వోల్టు వైరులోనే పోతుంది, 86 వాట్లు వేడిగా మారతాయి. మోటారు మొదలై కరెంటు రెట్టింపైతే ఒకటిన్నర వోల్టు దాటుతుంది. సాయంత్రానికి 23 వోల్టులకు దిగిన బ్యాటరీ ఇన్వర్టర్‌కు 21న్నర కంటే తక్కువగా కనిపిస్తుంది. చాలా పెట్టెల్లో కటాఫ్, అంటే ఇన్వర్టర్ తనంతట తానే ఆగే వోల్టేజీ, 21 దగ్గరే. ఇన్వర్టర్ ఆగిపోతుంది, యజమాని సైజు చాలలేదనుకుని పెద్దది కొంటాడు. కొత్త పెట్టె కూడా అదే వైరు మీద అలాగే ఆగుతుంది. 35 ఎస్క్యూఎంఎం వైరు వేసి చివరల లగ్గులు (లోహపు బిగింపులు) గట్టిగా నొక్కి క్రింప్ చేసి ఉంటే పాతదే నడిచేది. 48 వోల్టులైతే అదే సన్నవైరులో నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది.

అందువల్ల వెయ్యి వాట్ల లోపు 12 వోల్టులు, రెండు వేల దాకా 24, అంతకు మించితే 48 అన్నది ఈ పనిలో ఉన్నవారు ఎక్కువమంది పాటించే గీత. సరిహద్దులో ఉన్నవాళ్లు 48 వైపు మొగ్గడమే మేలని మా అభిప్రాయం. కారణం ప్యానెళ్ల వైపూ ఉంది. 20 అడుగుల కంటైనర్ పైకప్పు సుమారు 6.06 మీటర్ల పొడవు, 2.44 వెడల్పు. 540 వాట్ల ప్యానెల్ 2.28 పొడవు, 1.13 వెడల్పు ఉంటుంది కాబట్టి అడ్డంగా పేరిస్తే సరిగ్గా ఐదు పడతాయి, అంటే 2.7 కిలోవాట్లు. అంత శక్తిని 48 వోల్టుల బ్యాటరీలోకి పంపడానికి 50 ఆంపియర్ల చార్జర్ చాలు. 24 వోల్టులకు వంద ఆంపియర్లు కావాలి. 50 ఆంపియర్ల చార్జరున్న 24 వోల్టుల పెట్టె కొని ఐదు ప్యానెళ్లు బిగిస్తే మధ్యాహ్నం సగం ఎండ లెక్కలోకే రాదు.

ట్యూబులరా, లిథియమా: ఇన్వర్టర్‌ను ఆపేది బ్యాటరీయే కావచ్చు

ట్యూబులర్ అంటే నీళ్లు పోసే సీసం రకం బ్యాటరీ. 150 ఏహెచ్ (ఆంపియర్ గంటల) ట్యూబులర్ మీది అంకె సోలార్ రకంలో సాధారణంగా పది గంటల లెక్క, అంటే 15 ఆంపియర్ల చొప్పున. ఒక్క 12 వోల్టుల బ్యాటరీతో వెయ్యి వాట్లు నడిపితే 90 ఆంపియర్లకు పైగా లాగాలి, ఆ వేగంలో అది తన పూర్తి సామర్థ్యం ఇవ్వదు. కాగితం మీద 1.8 యూనిట్లున్నా గంటలోపే కూర్చుంటుంది. నాలుగు బ్యాటరీలు 48 వోల్టులకు కలిపితే లాగే కరెంటు నాలుగో వంతుకు తగ్గి ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. చార్జింగ్‌లోనూ వాటికి తొందర కుదరదు, సామర్థ్యంలో పదో వంతు చుట్టూ, అంటే 15 నుంచి 20 ఆంపియర్లే హాయిగా తీసుకుంటాయి.

లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ రకం 51.2 వోల్టులు, 100 ఏహెచ్ అంటే 5.12 యూనిట్లు, అందులో ఐదింట నాలుగు వంతులు నిశ్చింతగా వాడుకోవచ్చు. లోపల బీఎంఎస్ అనే కాపలా సర్క్యూట్ ఉంటుంది. అది 50 ఆంపియర్లకే అనుమతిస్తే 51.2తో గుణించగా వచ్చేది 2,560 వాట్లు. దాని ముందు 5 కిలోవాట్ల ఇన్వర్టర్ పెట్టినా రెండున్నర కిలోవాట్లు దాటగానే బీఎంఎస్ కట్ చేస్తుంది. కొనేటప్పుడు ఏహెచ్‌తో పాటు ఎడతెగని డిశ్చార్జ్ ఆంపియర్లు ఎంతో చూసుకోనివాళ్లు ఇక్కడ దెబ్బతింటారు.

ఏది మంచిదన్న వాదనకు రెండు వైపులా బలముంది. ట్యూబులర్ మొదటి ఖర్చు తక్కువ, ఏ మండల కేంద్రంలోనైనా బాగుచేసేవాళ్లు దొరుకుతారు, పాతది తూకానికి అమ్ముడుపోతుంది. కాని నీళ్లు పోయాలి, చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి మనుషులు పడుకునే మూసిన కంటైనర్‌లో ఉంచకూడదు. లిథియం ఎక్కువ కాలం వస్తుంది, ఎండ ఉన్న నాలుగు గంటల్లో నిండుతుంది. పాడైతే మాత్రం ఊళ్లో బాగుపడదు.

ఏసీ వస్తే లెక్క ఎలా మారుతుంది

ముందు ఒక పేరు దగ్గర గందరగోళం. ‘ఇన్వర్టర్ ఏసీ’ అంటే ఇంటి ఇన్వర్టర్ మీద నడిచేదని కాదు, దాని కంప్రెసర్ వేగం అవసరాన్ని బట్టి మారుతుందని. అయినా ఆ గుణం మనకు కలిసొస్తుంది. అది మెల్లగా మొదలవుతుంది, పాత రకం ఏసీకున్న దూకుడు దీనికి లేదు. ఒక టన్నుకు పూర్తి వేగంలో దాదాపు వెయ్యి వాట్లు, గది చల్లబడ్డాక సగం.

మన ఉదాహరణలో 1,870కి వెయ్యి కలిపి నాలుగో వంతు చేర్చితే దగ్గర దగ్గర 3,600 వాట్లు. 0.8 మోడలైతే 5 కేవీఏ అవసరం. ఏసీ ఉన్నప్పుడు రైస్ కుక్కర్ ఆపితే 2,712 వాట్లు, మూడున్నర కేవీఏతో సరి. కాని అసలు భారం ఇన్వర్టర్ మీద కాదు. రాత్రి ఎనిమిది గంటలు ఏసీ నడిస్తే నాలుగైదు యూనిట్లు, ఒక లిథియం బ్యాటరీ మొత్తం అదే తాగేస్తుంది. పగలు పదకొండు నుంచి నాలుగు దాకా అయితే ఐదు ప్యానెళ్లు నేరుగా మోస్తాయి, బ్యాటరీ కదలదు. ఇన్సులేషన్ లేని ఇనుప గోడలున్న కంటైనర్‌లో ఏసీ పూర్తి వేగం నుంచి దిగదు కూడా. గోడలకు 50 మిల్లీమీటర్ల పఫ్ (వేడిని ఆపే నురుగు పొర) వేయడానికయ్యే ఖర్చును రెండో బ్యాటరీ ఖర్చుతో పోల్చి చూడటం ఇక్కడ సరైన పోలిక.

బోరు మోటారు దగ్గర రెండు మాటలు

ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు, అది మోటారు బయటికిచ్చే శక్తి. లాగేది 1,100 చుట్టూ. మొదలయ్యే క్షణంలో నాలుగు నుంచి ఆరు రెట్లు, అంటే ఆరున్నర కేవీఏ దాకా. 3 కేవీఏ పెట్టె దీనికి ట్రిప్ అవుతుంది.

కొందరు నిపుణులు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువైన 5 కేవీఏ పెట్టమంటారు. ఆ ఇనుము, రాగి బరువే దూకుడును మింగుతుంది, మోటార్లకు అదే నమ్మకమని వారి అనుభవం. ట్రాన్స్‌ఫార్మర్ లేని కొత్త హైబ్రిడ్‌లు రెండు రెట్లు పీక్ ఇస్తాయి కాబట్టి ఒక హెచ్‌పీని లేపుతాయని ఇంకొందరంటారు, అప్పటికే మిగతా లోడు తక్కువగా ఉంటే అదీ నిజమే. ఇంటి ఇన్వర్టర్ మీద మోటారే వద్దు, దానికి విడిగా ప్యానెళ్లు, పంపు కంట్రోలర్ పెట్టమనేది మూడో పక్షం. కంట్రోలర్ మోటారును నెమ్మదిగా లేపుతుంది, బ్యాటరీ అక్కర్లేదు, నీళ్లు ట్యాంకులో నిల్వ ఉంటాయి. ఏడాదంతా తడి పెట్టే పొలానికి ఇదే సబబు. ఇంటి అవసరానికి రోజుకొకసారి సింటెక్స్ నింపుకోవడమే పనైతే విడి వ్యవస్థ ఖర్చు గిట్టదు, అప్పుడు 5 కేవీఏ వైపు మొగ్గొచ్చు. మధ్యాహ్నం ఎండలో, మిక్సీ, కుక్కర్ లేని వేళ నింపుకుంటే ఇబ్బంది ఉండదు. పొలాల్లో ఎక్కువగా ఉండే మూడు ఫేజుల 5 హెచ్‌పీ, ఏడున్నర హెచ్‌పీ మోటార్లకు ఈ చర్చ వర్తించదు.

మే నెలలో ఇనుప పెట్టె లోపల

ఇన్వర్టర్ మీద రాసిన వాట్లు ఒక ఉష్ణోగ్రత దగ్గరవి. చాలా మోడళ్లు 40, 45 డిగ్రీలు దాటాక తమంతట తామే సామర్థ్యం తగ్గించుకుంటాయి. రామగుండంలోనో రెంటచింతలలోనో బయటే 45 ఉన్న రోజు మూసిన కంటైనర్ మూలలో అంతకంటే ఎక్కువే. ఉదయం మిక్సీ, కుక్కర్ కలిపి మోసిన పెట్టె మధ్యాహ్నం మోయలేకపోతే పాడైందని కాదు. మనం కలిపిన నాలుగో వంతు ఇక్కడే పనికొస్తుంది. ఉత్తరం వైపు బయటి గోడకు, నీడలో, గాలాడేలా బిగించిన ఇన్వర్టర్‌కు అదే 3 కేవీఏ చాలుతుంది. లోపల బట్టల అల్మారా పక్కన పెట్టినదానికి చాలదు. చాలా లిథియం బ్యాటరీలకూ చార్జింగ్‌కు 45 నుంచి 55 డిగ్రీల మధ్య పై హద్దు ఉంటుంది.

ప్యానెళ్లను పైకప్పుకు అంటించకుండా అడుగు ఎత్తులో నిలబెడితే అవి ఇంటికి గొడుగవుతాయి, కింద గాలి ఆడి వాటి వేడీ తగ్గుతుంది. 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి ప్యానెల్ దాదాపు 0.35 శాతం కోల్పోతుంది కాబట్టి ఇది రెండువిధాల లాభం.

సైజుతో సంబంధం లేకపోయినా ఇనుప ఇంట్లో వదిలేయకూడనిది ఎర్తింగ్. లైను లేని చోట ఇన్వర్టర్ ఇచ్చే న్యూట్రల్ చాలా మోడళ్లలో భూమికి తగలకుండా గాల్లో ఉంటుంది. అప్పుడు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) పెట్టినా లీకైన కరెంటు తిరిగి వచ్చే దారి లేక అది ట్రిప్ కాకపోవచ్చు. ఇంటి గోడే ఇనుము. కంటైనర్ బాడీని ఎర్త్ గుంతకు కలపడం, కంపెనీ మాన్యువల్ అనుమతించిన పద్ధతిలో న్యూట్రల్‌ను ఒకేఒక్క చోట ఎర్త్‌తో కలపడం, ఆ తర్వాత ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్‌తో పాటు ఎలక్ట్రీషియన్ చేత లీకేజీ పరీక్ష చేయించడం బిగించే రోజే జరగాల్సిన పనులు.